వెండిజోళ్ళు, కెంపుజోళ్ళు

వేసవి సెలవులకు మనవడూ మనవరాలూ దిగితే ఇంటికి పండుగ వచ్చినట్టే. పండుగతోపాటు పేచీలూ వస్తాయనుకోండి. రసాలు ఎవరికెన్ని, ఫాను కింద ఎవరు పడుకోవాలి - ఇల్లాంటివి మాకు అలవాటే. కాని ఈ ఏడాది వచ్చిన పేచీ మా వంశంలో ఇదివరకు ఎవరూ ఎరగనిది. అది ఒక జత జోళ్ళ రంగు గురించి!

ఒకనాటి రాత్రి భోజనాలయ్యాక పిల్లలు ‘విజర్డ్ ఆఫ్ ఆజ్’ సినిమా పెట్టుకున్నారు. 1939లో అమెరికాలో తీసిన పాత బొమ్మ. డోరతీ అనే పల్లెటూరి పిల్లను సుడిగాలి ఇంటితో సహా ఎత్తుకుపోయి ఆజ్ అనే మాయలోకంలో పడేస్తుంది. ఆ ఇల్లు మీదపడి ఒక దుష్ట మంత్రగత్తె చస్తుంది. దాని కాలిజోళ్ళు డోరతీకి దక్కుతాయి. తెరమీద ఆ జోళ్ళు కెంపులు పొదిగినట్టు ఎర్రగా ధగధగలాడేసరికి మా మనవరాలు కేక పెట్టింది.

“తప్పు! అవి వెండివి. పుస్తకంలో వెండిజోళ్ళనే ఉంది!”

దానికి పన్నెండేళ్ళు. పుస్తకం అప్పుడే ముగించింది. వాడికి పదహారేళ్ళు. పుస్తకం ముట్టుకోలేదు.

“కనిపిస్తున్నాయిగా ఎర్రగా! ఎర్రవే,” అన్నాడు వాడు.

మాటామాటా పెరిగింది. చివరకు ఇద్దరూ నా పడకకుర్చీ దగ్గరికి వచ్చారు. నలభై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పాపానికి ఇల్లాంటి దావాలన్నీ నా కోర్టులోనే పడుతూ ఉంటాయి.

నేను విచారించి చెప్పిందేమిటంటే - ఫ్రాంక్ బామ్ ఆ పుస్తకం రాసింది 1900లో. ఆయన వెండిజోళ్ళనే రాశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ తరవాత సినిమా తీసినవాళ్ళ చేతికి టెక్నికలర్ అనే కొత్త రంగుల విద్య వచ్చింది. డోరతీ ఊరు చూపించినంతసేపూ బొమ్మ మట్టిరంగులో వెలవెలబోతూ ఉంటుంది. ఆజ్‌లో తలుపు తెరిచేసరికి రంగులు పొంగిపొరలుతాయి. అంత రంగుల సంతలో, పసుపుపచ్చ ఇటుకల బాటమీద, వెండి ఏమి ఆనుతుంది? అందుకని కెంపుజోళ్ళు చేశారు. జోళ్ళు ఏ రంగువైనా అవి చేసే పని ఒకటే. పిల్లను ఇంటికి చేర్చగల శక్తి మొదటినుంచీ దాని కాళ్ళకే ఉంది. అది దానికి తెలియదు. కథలో ఉన్న చమత్కారమంతా అదే. దానికి రంగుతో నిమిత్తం లేదు.

“దావా కొట్టివేయడమైనది,” అన్నాను.

మనవడు విజయగర్వంతో అక్కణ్ణించి లేచాడు. మనవరాలు లేవలేదు.

“జోళ్ళు పోతే పోనీ తాతయ్యా. మరి చివర్న అదంతా కల అన్నారేం? పుస్తకంలో ఆజ్ నిజంగానే ఉంది. అది నిజంగానే వెళ్ళొచ్చింది!”

ఇది జోళ్ళంత తేలిక విషయం కాదు. పుస్తకంలో డోరతీ తిరిగి వచ్చేసరికి, సుడిగాలి పాత ఇల్లు ఎత్తుకుపోయింది గనక, బాబాయి కొత్త ఇల్లు కట్టుకుని ఉంటాడు. అంతేకాదు. 1910లో బామ్ రాసిన ఆరో పుస్తకంలో, అప్పులవాళ్ళ వల్ల పొలం పోయే స్థితి వచ్చినప్పుడు, ఆ పిన్నీ బాబాయీ కూడా డోరతీతో ఆజ్‌కే పోయి స్థిరపడతారు. కలలోకి కాపురం ఎత్తుకుపోతారటండీ ఎవరైనా? సినిమావాళ్ళు ఆ ఒక్క కలతో లోకాన్ని లోకంగా కాకుండా చేశారు. చదివిన పిల్ల పడ్డ ఆశ్చర్యమంతా ‘ఏదో జ్వరంలో కలవరింతలే’ అని కొట్టిపారేసినట్టయింది.

జోళ్ళ విషయంలో మనవడికీ, కల విషయంలో మనవరాలికీ డిక్రీ ఇచ్చాను. అయిపోయిందనుకున్నాను. అవలేదు.

మర్నాడు మా ఆవిడ ఆవకాయకు ముక్కలు తుడుస్తూ, మా తీర్పులన్నీ విని అంది:

“ఇంతకీ మీరంతా మాయాబజార్ చూడలేదేమిటి? ఉన్నదున్నట్టు తీయాలంటే అసలు ఆ సినిమాయే ఉండేది కాదు.”

చూశారా! మేము దేశాలు పట్టుకు తిరుగుతుంటే ఆవిడ కదలకుండా కూర్చుని అసలు సంగతి పట్టుకుంది. 1957లో వచ్చిన మాయాబజార్‌కు మూలమైన శశిరేఖ పెళ్ళికథ వ్యాసభారతంలో లేదు. అది జనం నోట పుట్టి, నాటకాలలో ఆడి, 1936లోనే ఒకసారి తెరకెక్కిన కథ. కె.వి.రెడ్డిగారూ, పింగళి నాగేంద్రరావుగారూ దాన్ని మళ్ళీ తీర్చారు. భారతకథ అంటూ పాండవులు ఒక్కరూ తెరమీదికి రాకుండా మూడుగంటలు నడిపించారు. అయినా మనలో ఎవరైనా లేచి “పాండవులేరీ?” అని అడిగామా? లేదు. ఎందుచేతనంటే కృష్ణుడు కృష్ణుడిలాగే ఉన్నాడు. నవ్వుతూ నవ్వుతూ అందరి గుట్టూ బయటపెట్టే ఆ కృష్ణుణ్ణి మనం చిన్నప్పటినుంచీ ఎరుగుదుం.

నిజానికి కథలు మార్చుకోవడం మనకు కొత్తకాదు. గీత దాటితే ప్రమాదమని పిల్లలకు చెప్పే లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు. వారధికి ఇసుక మోసిన ఉడుత కూడా వాల్మీకిది కాదు. మనకు రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది. ఉడుత వచ్చిందని రాముడికి లోటు కలగలేదు సరిగదా, ఆయన దయ ఇంకా బాగా తెలిసింది. కాని ఎవరైనా ఒక రామాయణం రాసి, అందులో రాముడు అడవికి వెళ్ళకుండా తండ్రిమీద దావా వేశాడంటే? అప్పుడు ఎన్ని ఉడుతలున్నా ఒప్పుకోం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ జ్ఞానం నాకు మొదట్లో లేదు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ సినిమాలు 2001, 2002, 2003లలో వరసగా వచ్చినప్పుడు నేనూ మా మనవరాలి పక్షమే. 1954, 55లలో మూడు సంపుటాలుగా వెలువడ్డ ఆ నవల నాకు ప్రాణం. మొదటి బొమ్మకు వెళ్ళి, జేబులో కాగితం పెట్టుకుని, లేనివన్నీ రాసుకుంటూ కూర్చున్నాను. టామ్ బాంబడిల్ లేడు. అడవిలో పాటలు పాడుతూ తిరిగే ముసలాయన. లోకాన్నంతా లోబరుచుకునే ఉంగరం ఆయన్ని మాత్రం ఏమీ చేయలేదు. అంతటివాణ్ణి తీసేశారని మండిపడుతూ ఇంటికి వచ్చాను.

తరవాత టోల్కీన్ ఉత్తరాలు చదివాను. 1958లోనే ఎవరో ఆ నవలకు సినిమా కథనం తయారుచేసి పంపితే ఆయన పేజీ పేజీకీ తప్పులు పట్టి పెద్ద ఉత్తరం రాశాడు. అందులో బాంబడిల్ భార్య ప్రస్తావన వస్తుంది. ఆవిణ్ణి అర్థంలేకుండా చూపించడంకంటే అసలు చూపించకపోవడమే మేలని ఆయన అభిప్రాయం. కన్నతండ్రే ‘అవసరమైతే తీసెయ్యండి, వికారం మాత్రం చెయ్యకండి’ అన్న ధోరణిలో ఉంటే మధ్యన నా పట్టుదల ఏమిటి? కాగితం చింపేశాను.

ఆ మూడు బొమ్మలూ కలిపి తొమ్మిది గంటలు దాటాయి. అయినా పుస్తకంలో చాలా భాగం మిగిలిపోయింది. కాని అసలైనది ఒకటి నిలబెట్టారు. ఉంగరం మోసినవాడు ఎంత మంచివాడైనా చివరి క్షణంలో దానికి లొంగిపోతాడు. అగ్నిపర్వతం అంచున ఫ్రోడో దాన్ని పారెయ్యలేక ‘నాది’ అంటాడు. పూర్వం ఒకరు జాలిపడి చంపకుండా వదిలేసిన గాలమ్ అనే దౌర్భాగ్యుడివల్లనే చివరకు లోకం దక్కుతుంది. వీరుడి బలం కాదు, ఎప్పటిదో జాలి లోకాన్ని కాపాడింది. అది మార్చి, ఫ్రోడో ఛాతీ విరుచుకుని ఉంగరాన్ని నిప్పులో విసిరేశాడని తీసి ఉంటే జనం ఇంకా చప్పట్లు కొట్టేవారేమో. నేను మాత్రం జన్మలో క్షమించేవాణ్ణి కాను.

అల్లాగని వాళ్ళు అన్నీ సరిగ్గా చేశారని కాదు. ఫారమిర్ అనే వీరుడున్నాడు. పుస్తకంలో ఆ ఉంగరం దారిలో దొరికినా తీసుకోనంటాడు. సినిమాలో ఆశపడి, ఫ్రోడోను పట్టుకుపోయి, తరవాత ఎప్పటికో వదులుతాడు. ఉంగరం ఎంత ప్రమాదమో చూపించాలని అల్లా చేశామన్నారు. కావచ్చు. కాని ఆశ లేని మనిషి ఒక్కడైనా ఉన్నాడన్న ఊరట పోయింది.

ఇక పుస్తకాన్ని మించిపోవడం ఇంకో జబ్బు. అదే రచయిత 1937లో పిల్లలకోసం రాసిన ‘హాబిట్’ ఒక్క పుస్తకం. 2012 నుంచి 2014 దాకా దాన్ని మూడు బొమ్మలుగా, దాదాపు ఎనిమిది గంటలు సాగదీశారు. పుస్తకంలో లేని వీరనారి వచ్చింది, ప్రేమ వచ్చింది. పులిహోరలో జీడిపప్పు వెయ్యవద్దనను. జీడిపప్పే వడ్డించి పులిహోర అంటే ఎల్లా?

మనవడికి హారీ పాటర్ సినిమాలంటే ఇష్టం. వాడూ ఒక సాక్ష్యం తెచ్చాడు. పుస్తకంలో హారీవి ఆకుపచ్చ కళ్ళు. తెరమీద నీలికళ్ళు. “ఎవరికేం నష్టం?” అన్నాడు. నిజమే, నష్టం లేదు. అయితే ఆ కళ్ళు అచ్చంగా తల్లి కళ్ళు అన్నది కథకు ప్రాణం. ఆ కళ్ళకోసం ఒక మాస్టారు జీవితమంతా ధారపోస్తాడు. అందుచేత రంగు ఏదైనా సరే, తల్లివీ కొడుకువీ ఒకటిగా ఉండాలి. 2011లో వచ్చిన చివరి బొమ్మలో చిన్ననాటి తల్లిగా కనిపించిన పిల్లవి గోధుమరంగు కళ్ళు. చదివినవాళ్ళు గొల్లుమన్నారు. వాళ్ళు గోల చేసింది రంగుకోసం కాదు, పోలికకోసం.

ఇంతవరకూ నా తీర్పులు సాఫీగానే సాగాయి. జోళ్ళ రంగు, కళ్ళ రంగు - రెండూ మార్చదగ్గవే అన్నాను. అప్పుడు మనవరాలు మెల్లగా అడిగింది:

“మరి గెడ్ రంగో, తాతయ్యా?”

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు తయారుగా లేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మా మనవరాలు నల్లపిల్ల. మా ఆవిడ చామనచాయ అంటుంది. బంధువులు అంత మర్యాద పాటించరు. పోయినేడు ఒక పెళ్ళిలో, అది వింటూండగానే, ఒకావిడ “ముఖం కళగలదే, రంగే కాస్త...” అని ఆపేసింది. పూర్తిచేసినా అంత బాధ ఉండేది కాదు. పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. నాకేం చెయ్యాలో తోచక, బీరువాలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాను. అమెరికా రచయిత్రి అర్సులా లెగ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’.

ఎర్త్‌సీ అంటే అన్నీ దీవులే ఉన్న లోకం. గెడ్ అనే మేకలు కాచే కుర్రవాడు మంత్రవిద్య నేర్చుకుంటాడు. తోటివాడిమీద పంతంతో, గర్వంతో, చెయ్యరాని ప్రయోగం చేసి ఒక చీకటినీడను లోకంలోకి వదులుతాడు. అది వాణ్ణి దీవి దీవికీ తరుముతుంది. పారిపోయి పారిపోయి, చివరకు వెనక్కి తిరిగి వాడే దాన్ని తరుముతాడు. సముద్రం చివర దాన్ని పట్టుకుని దాని పేరు పిలుస్తాడు. అది తన పేరే! ఆ నీడ తనదే. దాన్ని చంపడు, కలుపుకుంటాడు.

రెండో రోజున మా పిల్ల పేజీమీద వేలు పెట్టుకుని పరుగున వచ్చింది. “తాతయ్యా, గెడ్ నాలాగే ఉన్నాడు!” అంది. నిజం. గెడ్‌ది రాగి కలిసిన గోధుమరంగు. వాడి ప్రాణస్నేహితుడిది ఇంకా నలుపు. తెల్లవాళ్ళు దండెత్తివచ్చే పరాయిజాతి. లెగ్విన్ ఇదేదో యథాలాపంగా రాయలేదు. లోకంలో ఎక్కువమంది తెల్లవాళ్ళు కానప్పుడు కథల్లో వీరులందరూ తెల్లవాళ్ళే ఎందుకుండాలని ఆవిడ వాదన. అందుకనే రంగు సంగతి మొదటే చాటకుండా, చదివేవాడు గెడ్‌తో ఏకమైపోయాక మెల్లగా చెప్పింది.

ఆ పుస్తకం చదివాక మా పిల్ల అద్దం ముందు ఎక్కువసేపు నిలబడటం చూశాను. అంతకుముందు అది అద్దం దగ్గరికి వెళ్ళేది కాదు.

2004లో అమెరికాలో ఒక టెలివిజన్ చానల్ ఆ కథను రెండు భాగాల బొమ్మగా తీసింది. అందులో గెడ్ తెల్లవాడు. నల్లగా ఉన్నది ముఖ్యంగా వాడి గురువు ఒక్కడే. లెగ్విన్ ఊరుకోలేదు. పత్రికలో వ్యాసం రాసి, తనను సలహాదారన్నారు గాని తన మాట ఎవరూ వినలేదనీ, తన లోకానికి వెల్ల వేశారనీ చెప్పుకుంది. ఇంకో చిత్రం చూడండి. ఆ లోకంలో మనిషికి రెండు పేర్లు. అసలుపేరు తెలిసినవాడికి ఆ మనిషి వశమవుతాడు గనక దాన్ని ప్రాణంలా దాచుకుంటారు. గెడ్ అన్నది అసలుపేరు. ఊరందరూ పిలిచేది స్పారోహాక్ అనే డేగపేరు. ఆ బొమ్మలో ఈ రెండూ తారుమారు చేశారు! అందరిముందూ అసలుపేరు పెట్టి పిలుస్తుంటే ఇక ఆ కథలో భయమేముంది, నమ్మకమేముంది?

ఈ సంగతి నాకు తెలుసు. పిల్లకు చెప్పలేదు. అదే ఎల్లాగో వెతికి పట్టుకుని, పావుగంట చూసి, చప్పుడు చెయ్యకుండా మూసేసిందట. ఇప్పుడు అడుగుతోంది: జోళ్ళ రంగు మార్చవచ్చు, కళ్ళ రంగు మార్చవచ్చు, మరి గెడ్ రంగో?

“అది మార్చకూడదమ్మా,” అన్నాను.

“ఎందుకని?”

నేను జవాబు చెప్పేముందు ఒక నేరం ఒప్పుకోవలసి వచ్చింది. ఆ పుస్తకం నేను మొదట చదివింది కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో. గెడ్ రంగు అక్షరాలా అచ్చులో ఉంది. అయినా ఎన్నో ఏళ్ళు నా మనస్సులో గెడ్ తెల్లటి దొరబిడ్డడుగానే తిరిగాడు. నేనూ నల్లవాణ్ణే. ఇంగ్లీషు పుస్తకంలో వీరుడు నాలాగా ఉండగలడని నాకు తోచనేలేదు. ఆ చానల్‌వాళ్ళు తెరమీద చేసిన పనే నేను నా బుర్రలో చేశాను. మా పిల్ల వేలు పెట్టి చూపించేదాకా నాకా సంగతి తెలియదు.

ఇదంతా దానికి చెప్పాను. అది కాసేపు నన్ను చూసి, “అయితే నువ్వు మళ్ళీ చదువు,” అంది.

సినిమా పుస్తకాన్ని ఎంతవరకు అనుసరించాలన్న దానికి ఇప్పుడు నా సమాధానం ఇంతే. ఏదైనా మార్చేముందు, ఇది తీసేస్తే ఈ కథను నమ్ముకున్నవాడికి ఏమి పోతుంది అని అడగాలి. డోరతీ జోళ్ళకు ఎరుపు పూస్తే ఏమీ పోలేదు. గెడ్‌కు తెలుపు పూస్తే మా పిల్లకు అద్దం పోయింది.

మార్పు ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు సుమండీ. అదే 2004లో జపానులో మియజాకి అనే ఆయన, డయానా విన్ జోన్స్ 1986లో రాసిన ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’ను కార్టూను బొమ్మగా తీశాడు. పుస్తకంలోని మాంత్రికుడి పుట్టిల్లు వేల్స్ దేశం. అది ఎగిరిపోయింది. కథ నడుమకు పెద్ద యుద్ధం వచ్చిపడింది. సగం కథ మారిపోయిందన్నా తప్పులేదు. అయినా రచయిత్రికి అది నచ్చింది. ఎందుకంటే శాపంవల్ల ముసలిదైపోయిన ఒక పిరికిపిల్ల, ఆ ముసలితనంలోనే ధైర్యం తెచ్చుకోవడమన్న సంగతి చెక్కుచెదరలేదు.

“నచ్చకపోతే పుస్తకం ఉందిగా, చదువుకోవచ్చు” అని కొందరంటారు. నేనూ అనేవాణ్ణి. కాని డోరతీ జోళ్ళ రంగేదని పదిమందిని అడిగి చూడండి. ఎరుపే అంటారు. వెండి అనేవాడు ఒక్కడు దొరికితే గొప్ప. చూసినవాళ్ళు వేలు, చదివినవాళ్ళు పదులు. రచయిత రాసింది ఒకసారి తెరమీద మారిందంటే చాలామందికి అదే అసలైపోతుంది. జోళ్ళయితే సరే. మనిషయితే?

ఇంతలో మా ఆవిడ లోపలినుంచి, “తీర్పులు చాలించి కాస్త ఆ జాడీ అటకమీంచి దించుతారా?” అంది. మనవడే వెళ్ళి దించాడు. తిరిగివస్తూ చెల్లెలి చేతిలోంచి ఎర్త్‌సీ పుస్తకం లాక్కున్నాడు. మళ్ళీ పేచీ మొదలయింది - ముందు ఎవరు చదవాలని.

ఈసారి ప్రతివాదుల్లో నేనూ ఉన్నాను.